నీలం దారం

దసరా సెలవులు అయిపోయి సోమవారం నాడు కంప్యూటర్ రిపేరు దుకాణానికి వచ్చేసరికి రూబీ బల్ల రూబీ బల్లలా లేదు. స్క్రూడ్రైవర్లన్నీ ఎత్తు ప్రకారం బారుగా పడుకోబెట్టి ఉన్నాయి. సోల్డరింగ్ ఐరన్‌కు కుంకుమ బొట్టు, మల్టీమీటర్ నెత్తిన ఎండిన బంతిపూ రేక. బల్ల కింద వైర్ల అట్టపెట్టె మీద ఏడాదిగా పేరుకున్న దుమ్ము ఏమైపోయిందో పోయింది. పైన పాత ట్యూబులైట్ల చోట కొత్త ఎల్ఈడీ పలకలు రెండు తెల్లగా వెలుగుతున్నాయి. ఆయుధపూజకని యజమాని వీరేందర్ చేయించిన హంగు ఇదంతా. రూబీ చర్చికి పోయే మనిషి గనుక పూజనాడు రాదు, తర్వాత మిగిలిన లడ్డూ మాత్రం వదలదు. ఎనిమిదేళ్లుగా అదే ఒప్పందం.

"ఎట్లున్నది మన దుకాణం?" అన్నాడు వీరేందర్, లైట్ల వైపు గడ్డం ఎత్తి.

"పెండ్లిల్లు తీరున్నదన్నా. నా వైర్లు ఎవలు సదిరిన్రు?"

"పూలమ్మ. పూజకు ముందురోజు పెట్టె మొత్తం వరండాలకు మోస్కపోయి దులిపింది. అడగంగనే చేసింది పాపం."

పూలమ్మ అంటే ఆ కాంప్లెక్సు మొదటి అంతస్తులో పద్నాలుగు దుకాణాల ముందున్న వరండా ఊడ్చి తుడిచే మనిషి. కిందికి చూస్తే దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు, ఎదురుగా మెట్రో పట్టాలు. రైలు పోయినప్పుడల్లా రాలే దుమ్మంతా పూలమ్మదే.

రూబీ పెట్టె తెరిచి చూసుకుంది. వైర్లన్నీ చుట్టలు చుట్టి పేర్చి ఉన్నాయి. ఆ వైర్ల సంగతి కాస్త చెప్పాలి. కంప్యూటర్‌కు కరెంటు పంచే ఇనుప డబ్బాను ఎస్‌ఎంపీఎస్ అంటారు. కొత్త రకం డబ్బాలకు వైర్లు ఊడదీసి పెట్టుకోవచ్చు. తిరకాసంతా అక్కడే. ఏ కంపెనీ వైరయినా ఏ కంపెనీ డబ్బాలోనైనా దూరుతుంది, కానీ లోపల తీగల వరస కంపెనీకో తీరు. అయిదు వోల్టులు రావలసిన కాలికి, అంటే పిన్నుకి, పన్నెండు వచ్చిందా, హార్డ్ డిస్క్ చెప్పా పెట్టకుండా చస్తుంది. పైగా వైర్లన్నీ నలుపే. అందుకని రూబీ తన బల్ల దగ్గరున్న నాలుగు డబ్బాలకు నాలుగు రంగుల దారాలు కట్టి, దేని వైర్లకు దాని దారమే కట్టుకుంది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం. దారాలిచ్చింది చంపాపేటలో కంప్యూటర్ ఎంబ్రాయిడరీ నడిపే మృదుల. ఊడిపోని ముడి ఎలా వేయాలో కూడా ఆమే చూపించింది.

ఆ రోజు బల్ల మీదికి వచ్చిన డిస్క్ కూడా మృదులదే. ఆమె కంప్యూటర్‌లో ఎస్‌ఎంపీఎస్ పోయింది. ఎలాగూ విప్పారు గనుక తొమ్మిదేళ్ల డిజైన్లన్నీ కొత్త డిస్క్‌లోకి ఎక్కించి ఇమ్మంది. పెళ్లివారి జాకెట్లు పదకొండు, శుక్రవారానికి ఇవ్వాలి. మిషన్లు రెండూ ఖాళీగా నిలబడి ఉన్నాయి.

"జర జల్ది చెయ్ రూబీ. మేడం పొద్దుగాల సంది మూడుసార్లు చేసింది," అన్నాడు వీరేందర్ ఫోను చూపిస్తూ. "దీపావళికి ఎల్బీనగర్ దుకాణం తెరిస్తే చాబీ నీ చేతిలనే పెడ్త అంటున్న. గిసొంటియి చకచక కావాలె."

ఆ తాళంచెవి మాట వింటే రూబీకి చేతులు వాటంతటవే ఉరుకుతాయి. ఆకుపచ్చ దారం డబ్బా లాగింది. పెట్టెలోంచి ఆకుపచ్చ దారం వైరు తీసింది. డిస్క్‌కు పెట్టే ముందు మీటర్‌తో అయిదూ పన్నెండూ చూసుకోవడం ఆమె అలవాటు. ఆ రోజు మీటర్ మీద పూరేక ఉంది, దాన్ని తీసి పక్కన పెట్టాలి, దాని తీగల చివర ఉండే ముళ్లు ఎక్కడ సదిరారో వెతకాలి. దారం ఉంది కదా అనుకుంది. స్విచ్ వేసింది.

టిక్కుమని చిన్న చప్పుడైంది. తర్వాత వాసన వచ్చింది.

ఆ వాసన తెలిసినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. రూబీ స్విచ్ ఆపి, డిస్క్ మీద వేలు పెట్టింది. తిరగడం లేదు, ఓ మూల మాత్రం చురుక్కుమంది. వంగి పెట్టె తిరగేసింది. ఎరుపువి ఉన్నాయి, పసుపువి ఉన్నాయి, ఆకుపచ్చవి మాత్రం ఉండవలసిన దానికి రెట్టింపు ఉన్నాయి. నీలం ఒక్కటీ లేదు. నీలం దారం కట్టిన డబ్బాను లాగి చూస్తే దానికీ ఆకుపచ్చే ఉంది.

"ఏంది వాసన?" అంటూ వీరేందర్ వచ్చేశాడు. డిస్క్ చూశాడు. మొహం పాలిపోయింది. "మృదుల మేడందేనా? ఏమైంది రూబీ?"

"దారాలు మారినయన్నా." అక్కడితో ఆపి ఉండాల్సింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అనలేదు పెద్దలు. "పూలమ్మక్క దులిపింది గద. నీలం దారాలు తీసేసి గ్రీన్ కట్టినట్టున్నది."

వీరేందర్ చెడ్డవాడేమీ కాదు. కానీ భయపడ్డ మనిషికి తిట్టడానికి ఎవరో ఒకరు దొరికితే ప్రాణం తేలికపడుతుంది. విసురుగా వరండాలోకి పోయాడు. తలుపు తెరిచే ఉంది. ప్రతి మాటా లోపలికి వినిపిస్తోంది.

"దారాలు ఎందుకు మార్చినవ్? దులుపుమంటే దులుపాలె. తొమ్మిదేండ్ల పని బూడిద అయింది. ఎరుకనా నీకు?"

"నేను మార్చలే సారూ. ముట్టలే. ఎట్లున్నయో అట్లనే పెట్టిన."

"ముట్టకుంటే ఎట్ల మారినయ్? దయ్యం మార్చిందా?"

మెట్ల దగ్గరి జిరాక్స్ దుకాణం శ్రీరామమూర్తి బయటికి వచ్చాడు. కాంప్లెక్సు సంఘానికి ఆయనే కార్యదర్శి. టైలరు వచ్చాడు, మొబైల్ కవర్లు అమ్మే ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. రూబీ తన బల్ల దగ్గర మృదుల కంప్యూటర్ మూతకున్న నాలుగు మరలు విప్పింది. విప్పినవి మళ్లీ బిగించింది. మళ్లీ విప్పింది. తల మాత్రం ఎత్తలేదు.

"చూడు పూలమ్మా, ఇవాళ కంప్యూటర్ల వాళ్లకయింది, రేపు నా మిషనుకవుద్ది," అన్నాడు శ్రీరామమూర్తి మెత్తగా. ఆయన ఏం చెప్పినా మెత్తగానే చెబుతాడు. "రేపట్నించి రావద్దులేమ్మా. ఇంకెవరినన్నా చూసుకుంటాం."

చీపురు గోడకు ఆనించిన చప్పుడు వినిపించింది.

మంగళవారం పొద్దున్నే రూబీ డిస్క్ అడుగున ఉన్న పచ్చటి పలక విప్పి భూతద్దం కింద పెట్టింది. కరెంటు లోపలికి వచ్చే దారిలో నువ్వుగింజ కన్నా కాస్త పెద్దవి రెండు నల్లటి ముక్కలు ఉంటాయి, డయోడ్లు. ఒకటి అయిదు వోల్టుల దారికి కాపలా, ఇంకొకటి పన్నెండుకి. ఎక్కువ కరెంటు వచ్చి పడితే ఆ దెబ్బ అవి తిని చచ్చి, లోపలివాటిని కాపాడతాయి. అన్నిసార్లూ కాపాడవు. మీటర్ ముళ్లు ఆనిస్తే అయిదు దారిలోది కీచుమంది. చచ్చింది అదేనన్న మాట.

"బతికే సూరత్ ఉన్నదా?" అన్నాడు వీరేందర్ వెనక నిలబడి. రాత్రంతా నిద్ర లేని కళ్లు.

"ఇది తీసేస్తే తిరగొచ్చన్నా. తిరిగితే ఒక్కసారే నమ్మాలె. కాపలా ఉండదు."

ఐరన్ మొనతో ఆ ముక్కను రెండు వైపులా కాచి పట్టకారుతో ఎత్తింది. ఇక మిగిలింది కరెంటు ఇవ్వడం. ఊడే వైర్ల జోలికి ఆమె పోలేదు. వైర్లు డబ్బాకే అతికి ఉండే పాత ఎస్‌ఎంపీఎస్ ఒకటి అటక మీద నుంచి దింపింది. దాని మూతి పెద్దది, నాలుగు కాళ్లది. ఈ డిస్క్‌కు పట్టాలంటే మధ్యలో అడాప్టర్ వైరు ఉండాలి. సొరుగులో రెండు ఉన్నాయి. ఒకదాని మూతి అచ్చులో పోసిన ప్లాస్టిక్ ముద్ద. లోపల తీగలు ఎలా పడుకున్నాయో దేవుడికి తెలియాలి, ఒకదానికొకటి ఆనుకుంటే ఆరు నెలలకైనా మండుతుంది. దాన్ని కత్తెరతో రెండు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేసింది. రెండోదాని వెనక మూత తెరుచుకుంటుంది, ఒక్కో తీగా విడిగా దాని ఇంట్లో అది బిగించి కనబడుతుంది. ఒక్కొక్కటీ గోటితో లాగి చూసింది. మీటర్ నల్ల ముల్లు నల్ల తీగకు పెట్టి, ఎర్ర ముల్లుతో ఒక్కొక్క కాలూ తాకింది. ఎర్ర తీగ అయిదు. పసుపు తీగ పన్నెండు. అంతా చూసి, ఆపి, మళ్లీ మొదటి నుంచి చూసింది. నిన్న ఈ పని చేయడానికి రెండు నిమిషాలు కూడా పట్టేది కాదు.

స్విచ్ వేసి చెవి దగ్గరగా పెట్టింది. డిస్క్ సన్నగా మూలిగి, ఊపందుకుని, తిరిగింది. వీరేందర్ కుర్చీలో కూలబడి నవ్వాడు. సాయంత్రానికల్లా డిజైన్లన్నీ కొత్త డిస్క్‌లోకి ఎక్కాయి. ఆయన మిఠాయి తెప్పించాడు, ఎల్బీనగర్ దుకాణం బోర్డు ఎట్లా ఉండాలో కాగితం మీద గీసి చూపించాడు. వరండాలో ఆ రోజు ఎవరూ ఊడవలేదు. దాని ఊసు దుకాణంలో ఎవరూ ఎత్తలేదు.

బుధవారం కొత్త ఎస్‌ఎంపీఎస్, కొత్త డిస్క్ వేసిన కంప్యూటర్‌ను మిషన్లకు తగిలించి ఇవ్వడానికి రూబీ చంపాపేట పోయింది. మృదుల గుంటూరు వైపు మనిషి, పన్నెండేళ్లుగా ఇక్కడే మెయిన్ రోడ్డు మీద చిన్న గది కిరాయికి తీసుకుని రెండు మిషన్లు పెట్టుకుంది. తెర మీద నెమళ్లూ మామిడి పిందెలూ ఒక్కొక్కటే తెరుచుకుంటుంటే ఆమె రూబీ భుజం మీద చెయ్యి వేసింది. కాసేపటికి మిషను సూది కదిలింది.

"కాఫీ తాగి గానీ కదలనివ్వను," అంది.

రూబీ సంచిలోంచి రెండు దారపు ముక్కలు తీసింది. అన్ని వైర్లకూ మళ్లీ కొత్తగా కట్టుకోవాలని, ఆకుపచ్చవాటి నుంచి కత్తిరించి తెచ్చుకున్నవి. "అక్కా, గీ గ్రీన్ దారం ఇంకొంచెం ఉంటే ఇస్తవా?"

మృదుల రెండు ముక్కలూ తీసుకుని గుమ్మంలోకి నడిచింది. దారమైనా గుడ్డయినా వెలుతురులో చూడనిదే ఆమె నోరు విప్పదు.

"రెండిట్లో ఏది కావాలి?"

"రెండెక్కడియక్కా? ఒక్కటే గద."

"ఒకటేంటి రూబీ? ఇది బాటిల్ గ్రీన్, ఇది నెమలికంఠం. ఇటు రా, చూడు."

రూబీ గుమ్మంలోకి వచ్చింది. మృదుల అరచేతిలో ఎండ పడుతోంది. ఒక ముక్క ఆకుపచ్చగా ఉంది. రెండోది నీలంగా ఉంది. ఏడాదిగా తాను నీలమని పిలుస్తూ వచ్చిన దారం అదే.

"మీ దుకాణంలో లైట్లు గానీ మార్చారా?" అంది మృదుల. "నెమలికంఠం అంతేనమ్మా, ఒక్కో లైటుకి ఒక్కోలా కొడుతుంది. మేం ఎన్నిసార్లు మోసపోయామో. అన్నట్టు, ఎవరో పనామె దారాలు మార్చి కట్టిందన్నారు వీరేందర్ గారు. ముడి చూడు, నేను నీకు చూపించిన ముడే. ఇది ఇంకెవరో కట్టింది కాదు."

దిల్‌సుఖ్‌నగర్‌లో చీర కొనబోయినప్పుడు దుకాణం లైట్లను నమ్మకుండా చీరను వాకిట్లోకి పట్టుకొచ్చి చూసే మనిషే రూబీ. ఒక్కసారి కాదు, ప్రతిసారీ. కాఫీ చల్లారిపోయింది. తాగకుండానే లేచింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారపు ముక్కలు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ వచ్చింది. మృదులకు నష్టం లేదు. వీరేందర్‌కు అనుమానం లేదు. తాను నోరు మూసుకుంటే ఈ సంగతి ఎవరికీ తెలియదు, దీపావళికి తాళంచెవి చేతికొస్తుంది. ఆ ఆలోచన వచ్చినందుకు ఆమెకు సిగ్గేసింది. సిగ్గేసినంత మాత్రాన ఆలోచన పోలేదు, దిల్‌సుఖ్‌నగర్ దాకా పక్కనే కూర్చుని వచ్చింది.

దుకాణంలో వీరేందర్ ఒక్కడే ఉన్నాడు. "అన్నా, జర వరండాలకు రా," అంది. రెండు వైర్లు లోపల చూపించింది, అవే రెండూ పిట్టగోడ మీద ఎండలో పెట్టింది. ఆయన ఒకటికి రెండుసార్లు లోపలికీ బయటికీ పట్టుకు తిరిగాడు.

"మీటర్ పెట్టలేదా ఆ రోజు?"

"పెట్టలేదన్నా."

"నువ్వు?"

"నేనే. పెట్టి ఉంటే పన్నెండు ఏడున్నదో కనబడుతుండె. నువ్వు అడిగినప్పుడు నాకు భయమైంది. పూలమ్మక్క పేరు నోటికొచ్చింది."

వీరేందర్ చేతిలోని వైర్లు పిట్టగోడ మీద పెట్టాడు. "పద్నాలుగు దుకాణాల ముంగట అన్న నేను ఆమెను," అన్నాడు. "నువ్వు చెప్తే అన్న." కోపం కన్నా ఆ గొంతులో బాధే ఎక్కువ ఉంది. "ఆమెను తోల్కరా పో. ఎల్బీనగర్ ముచ్చట తర్వాత చూద్దాం." ఆ 'తర్వాత' అనే మాటకు అర్థమేమిటో ఎనిమిదేళ్లు పనిచేసిన రూబీకి తెలుసు. అయినా ఆ రాత్రి అన్నం సహించింది.

పూలమ్మ ఫోను ఎత్తలేదు. ఎల్బీనగర్ అడ్డా మీద కూలికి నిలబడుతోందని కాంప్లెక్సు వాచ్‌మన్ చెప్పాడు. గురువారం తెల్లారి రూబీ మెట్రో దిగి చౌరస్తాకు నడిచింది. సద్దిగిన్నెలు చేతపట్టుకుని ఓ పాతికమంది ఆడవాళ్లు ఫుట్‌పాత్ మీద నిలబడి ఉన్నారు. పూలమ్మ తలకు తువ్వాలు చుట్టుకుని ఒక చివరన ఉంది.

"ఏం బిడ్డా, గింత పొద్దుగాల వచ్చినవ్. నీ కొత్త దుకాణం గీడ్నేనట గద," అంది.

రూబీ దారంతా పేర్చుకొచ్చిన మాటలు అక్కరకు రాలేదు. "తప్పు నాదక్కా. నువ్వేం మార్చలే. లైట్లు మారితే నీలం దారం నాకు గ్రీన్ లెక్క కొట్టింది. చూసుకోకుండ నేనే తగిలిచ్చి కాలపెట్టిన. సార్ అడిగితే నీ పేరు చెప్పిన."

పక్కనున్న ఆడవాళ్లు మాటలాపి చూస్తున్నారు. పూలమ్మ సద్దిగిన్నె మూత ఒకసారి బిగించి చూసుకుంది.

"అన్న రమ్మన్నడు. ఇప్పుడే పోదాం రా అక్కా."

"ఇయ్యాల రాను. నాదర్‌గుల్‌ల స్లాబు పని, మేస్త్రికి మాటిచ్చిన. ఒక మనిషి తక్కువైతే ఆయన పరేషాన్ అయితడు." ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. అందరితో పాటు ఆమె కూడా వెనక్కి ఎక్కి, చెక్క పట్టుకుని నిలబడింది. "రేపొస్త. గని లోపలికి పిలిచి చెవుల చెప్పుడు కాదు. నన్ను ఏడ అన్నడో ఆడ్నే చెప్పుమను."

శుక్రవారం పదిన్నరకు వీరేందర్ వరండాలో నిలబడి గొంతు సవరించుకున్నాడు. ఆయనకు అలవాటు లేని పని అది. జిరాక్స్ దుకాణం వైపూ టైలరు వైపూ చూస్తూ, "పూలమ్మ తప్పేం లేదు. దారాలు ఆమె మార్చలే. మా దుకాణంల జరిగిన తప్పు. నేను అనరాని మాటలన్న," అన్నాడు.

"నేను చేసిన తప్పు," అంది రూబీ పక్కనుంచి. అందరికీ వినపడేటట్టే అంది.

"అయ్యో, మాకేం తెలుసమ్మా," అన్నాడు శ్రీరామమూర్తి మెత్తగా. "నీ పని నీదే. కానివ్వు."

పూలమ్మ గోడకు ఆనించిన చోటనే ఉన్న చీపురు తీసుకుని నాలుగు రోజుల దుమ్మంతా ఈ కొస నుంచి ఆ కొసకు ఊడ్చింది. ఆమె ఊడ్చిందాకా ఆగి, రూబీ అట్టపెట్టెను ఎండలోకి మోసుకొచ్చింది, డబ్బాలు నాలుగూ తెచ్చింది, మీటర్ తెచ్చింది. "అక్కా, జర కూసుంటవా? రంగులు నువ్వు చూసి ఇయ్యి, నేను మీటర్ పెట్టి చూస్త."

పూలమ్మ పిట్టగోడకు ఆనుకుని కూర్చుంది. వైర్లు చకచకా వేరు చేయసాగింది. ఒక్కచోట కూడా తడబడలేదు.

"నీకు మస్తు తెలుస్తున్నయక్కా రంగులు."

"ఆ దినం దులిపినప్పుడే చూసిన గద. గిట్లనే ఎండకేసిన. ఇయ్యి నీలం, ఇయ్యి ఆకుపచ్చ. లోపలికి తెచ్చి పెట్టంగనే రెండు ఒక్క తీరు కొట్టినయి. కొత్త లైట్ల మాయ అనుకున్న."

రూబీ చేతిలో మీటర్ ముళ్లు ఆగిపోయాయి. "నీకు ముందుగాల్నే ఎరుకనా? మరి అన్న గట్ల ఒర్రుతుంటే ఎందుకు చెప్పలే?"

"సారు దారాలు ఎందుకు మార్చినవన్నడు. మార్చలేనని చెప్పిన. రంగుల సంగతి ఎవలడిగిన్రు?" పూలమ్మ వైరు చుట్ట విప్పుతూనే ఉంది. "నువ్వన్న అడుగుతవేమోనని తలుపు దిక్కు చూసుకుంట నిలబడ్డ బిడ్డా. నువ్వు తలకాయ గూడ ఎత్తకపోతివి."

ఆ నాలుగు మరలు రూబీకి గుర్తొచ్చాయి. అవి విప్పవలసిన పనే లేదు ఆ రోజు. ఇప్పుడు తలెత్తి పూలమ్మ కళ్లలోకి చూసింది, చూపు తిప్పుకోవాలనిపించినా తిప్పుకోలేదు.

"ఇగో, ఇది నీలం. పట్టు," అని పూలమ్మ తర్వాతి వైరు అందించింది.